సలాడు భోజనము

సలాడు అను మాట వినగనే కొందఱు తల్లులు "అది దొరల తిండి, పచ్చి ఆకులు మేయుట మనకేల?" అందురు. మాట విదేశమునుండి వచ్చినదే. లాటిను భాషలో ఉప్పునకు పేరైన 'సాల్' అను పదమునుండి పుట్టినది. వస్తువు మాత్రము మనకు క్రొత్తది కాదు. శ్రీరామనవమినాడు నానిన పెసరపప్పులో దోసకాయముక్కలు కలిపి పంచిపెట్టు వడపప్పు సలాడు గాక మఱేమి?

అయినను ఆ తల్లుల జంకులో కొంత న్యాయము కలదు. మురికినీటితో పెరిగిన కూరలకు సన్నిపాతజ్వరపు క్రిములును, ఏలికపాముల గ్రుడ్లును అంటియుండవచ్చును. పొయ్యిమీద నశించు నివి పచ్చికూరలో నశింపవు. కావున సలాడునకు మొదటి పని కడుగుటయే. పాఱు నీటిలో మట్టి పోవువఱకు రుద్ది, కాచి చల్లార్చిన నీటితో మరల కడిగి, శుభ్రమైన గుడ్డతో తడి యొత్తవలెను. తడి యున్నచో నూనె యంటదు. చేతులును కత్తిపీటయు సబ్బుతో కడుగవలెనని వేఱుగ చెప్పనక్కఱలేదు. ఇంత యోపిక లేని దినమున కూరలు వండుకొని తినుటయే మేలని మా యభిప్రాయము.

ఆకులతోనే కడుపు నిండదు. నలుగురికి ఒక గ్లాసెడు పెసలు నానబెట్టి మొలకెత్తించి, పది నిమిషములు ఆవిరిపై ఉడికింపవలెను. మొలకలు పెరుగు వెచ్చని తడిలో క్రిములును పెరుగును గదా. నాలుగు కోడిగ్రుడ్లు గట్టిపడునట్లును, రెండు బంగాళాదుంపలు తోలుతోడను ఉడికించి ముక్కలు చేయవలెను. రెండు క్యారెట్టులు, రెండు కీరదోసలు, మూడు టమాటాలు, ఒక యుల్లిగడ్డ, ఒక కట్ట కొత్తిమీర చాలును. వీనిని తినబోవు ముందే తఱుగవలెను.

ఇక డ్రెస్సింగు, అనగా కూరలకు పట్టించు పులుపునూనె. సీసాలలో అమ్మునది కొననక్కఱలేదు. అర చెంచా ఆవపిండిని చన్నీటిలో కలిపి పది నిమిషము లుంచిన ఘాటు పుట్టును. అందు రెండు చెంచాల నిమ్మరసము, తగినంత యుప్పు, మిరియాలపొడి, చిటికెడు బెల్లము కలిపి, ఆరు చెంచాల నువ్వులనూనెను సన్నని ధారగా పోయుచు కవ్వముతో చిలుకవలెను. నూనెయు పులుపురసమును స్వభావముచే కలిసియుండవు. చిలికినప్పుడు నూనె సూక్ష్మబిందువులగును. ఆవపిండిలోని జిగురు ఆ బిందువులు మరల ఒకటి గాకుండ కొంతసేపు అడ్డుకొనును. ఆవకాయ తినువారికి ఈ రుచి పరాయిది కాదు. పచ్చిగ్రుడ్డు సొనతో చేయు మయొనేజు ఇంకను చిక్కగ నుండును గాని, పచ్చిసొనలో రోగక్రిము లుండవచ్చును గనుక పిల్లల పంక్తికి మేము దానిని కోరము.

నూనె రుచికొఱకే యని తలంపరాదు. క్యారెట్టులోను ఆకుకూరలలోను ఉండు కెరోటీను మన దేహములో విటమిను ఏ గా మాఱును. అది కొఱవడిన పిల్లలకు రేచీకటి కలుగును. కెరోటీను నీటిలో కరగదు, నూనెలో కరగును. నూనె తోడులేనిచో ప్రేవులు దానిని స్వల్పముగనే గ్రహించును. నిజమునకు క్యారెట్టును కొంచెము ఉడికించిన కెరోటీను మఱింత సులభముగ చిక్కును. పచ్చిదే యన్నిట శ్రేష్ఠమను వాదము సరికాదు. పచ్చితనమువలన ముఖ్యలాభము విటమిను సి. అది వేడికి చెడును. 1747లో జేమ్సు లిండు అను ఓడవైద్యుడు చిగుళ్ల వ్యాధిచే బాధపడు పండ్రెండుగురు నావికులకు ఇద్దఱిద్దఱికి ఒక్కొక్క మందిచ్చి చూడగా, నారింజలును నిమ్మపండ్లును తిన్న యిద్దఱే త్వరగా కోలుకొనిరి. మన నిమ్మచెట్టు కాయలోను ఆ గుణమే కలదు.

డ్రెస్సింగు కలిపిన సలాడు నిలువదు. ఉప్పు కీరదోసలోని నీటిని వెలికి లాగును. అరగంటలో ముక్కలు వాడి, పళ్లెము చెఱువగును. కావున అందఱును కూర్చుండిన పిమ్మటనే కలిపి వడ్డింపవలెను. కలుపక మిగిలిన డ్రెస్సింగును మూతగల సీసాలో చల్లని చోట నుంచి, మఱునాడు మరల కుదిపి వాడుకొనవచ్చును.