అక్షింతల పురుగుల్లో మిత్రుడెవరు? శత్రువెవరు?

"అన్నా, అక్షింతల పురుగు మిత్ర పురుగు అంటారు కదా, మరి నా వంగ ఆకులు జల్లెడలా ఎందుకవుతున్నాయి?" అని చాలామంది నన్ను అడుగుతుంటారు. తేడా ఎక్కడంటే, మనం రెండు రకాల పురుగులను ఒకే పేరుతో పిలుస్తున్నాం. ఒకటి పేనుబంకను తింటుంది. రెండోది, ఎపిలాక్నా, ఆకునే తింటుంది. వీడియోలో రెండింటినీ పక్కపక్కనే చూపించాను.

నేను ముందు చూసేది మెరుపు. మిత్ర పురుగు వీపు నున్నగా, గాజుపూసలా మెరుస్తుంది. ఎరుపు లేక నారింజ రంగు మీద నల్ల చుక్కలో, వంకర గీతలో ఉంటాయి. ఎపిలాక్నా రాగి రంగులో ఉంటుంది. ఒంటి మీద సన్నని నూగు ఉండడం వల్ల మెరవదు. చుక్కలు ఎక్కువ, 28 దాకా ఉంటాయి. కానీ అన్నిటికీ ఒకేలా ఉండవు, కాబట్టి చుక్కల లెక్క ఒక్కటే నమ్ముకోవద్దు.

పిల్ల పురుగుల్లో తేడా ఇంకా తేలిక. మిత్ర పురుగు పిల్ల నల్లగా, పొడవుగా, బుల్లి మొసలిలా ఉండి చురుగ్గా తిరుగుతుంది. దీన్ని చూసి భయపడి చాలామంది మందు కొట్టేస్తారు. ఎపిలాక్నా పిల్ల పసుపు రంగులో, ఒళ్లంతా ముళ్లతో, ఆకు అడుగున నెమ్మదిగా గోకుతూ ఉంటుంది. అది తిన్నచోట ఈనెలు మాత్రమే మిగులుతాయి.

గుడ్లు మాత్రం రెండింటివీ పసుపే, గుంపుగా నిలబెట్టినట్టు ఉంటాయి. చుట్టూ పేనుబంక ఉంటే ముట్టుకోకండి. వంగ, టమాటా, కాకర ఆకుల అడుగున, పక్కనే గోకిన మచ్చలు ఉంటే ఆ ఆకు తుంచేయండి.

ఎపిలాక్నా తక్కువగా ఉన్నప్పుడు పొద్దున్నే చేత్తో ఏరి సబ్బు నీళ్లలో వేస్తే సరిపోతుంది. ఎక్కువైతే 5 శాతం వేప గింజల కషాయం, అంటే 100 లీటర్ల నీటికి 5 కిలోల గింజల పొడి, ఆకు అడుగు తడిసేలా కొట్టండి. కషాయమే కదా అని చేనంతా కొట్టొద్దు, మిత్ర పురుగు పిల్లలకూ దెబ్బ తగలొచ్చు. తిన్న మొక్కల మీదే కొట్టండి.

గట్ల మీద అలసంద వేసుకుంటే దాని మీదకు వచ్చే పేనుబంక కోసం మిత్ర పురుగులు చేరతాయి. రేపు పొద్దున్నే ఓ పది వంగ మొక్కల ఆకులు తిప్పి చూడండి, ఎవరున్నారో తేల్చుకున్నాకే డబ్బా భుజానికెత్తండి.