మోకాలి మృదులాస్థికి సొంత కణాలు

ఎముక విరిగితే అతుక్కుంటుంది. కీలులోని మృదులాస్థికి రక్తనాళాలు లేవు కాబట్టి దెబ్బతింటే అది తనంతట తాను సరిగా మానదు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ వైద్యులు 1987లో ఒక మార్గం చూపారు. రోగి మోకాలి నుంచే చిన్న ముక్క తీసి, అందులోని కణాలను ప్రయోగశాలలో పెంచి, గాయమైన చోట అమర్చారు. 1994లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, తొడ ఎముక చివర గాయమైన 16 మందిలో 14 మందికి రెండేళ్ల తర్వాత మంచి గుణం కనిపించింది.

దెబ్బ తగిలి కొంతమేర పాడైన కీలుకే ఈ చికిత్స. వయసుతో మొత్తం అరిగిపోయిన కీలుకు కాదు. 2016లో అమెరికా అనుమతించిన ‘మాసి’లో కణాలను పంది కొల్లాజెన్ పొరపై ఉంచుతారు. అందుకే మన సాయం పొందే రోగి పొర దేనితో చేసిందో, వేరే పద్ధతి ఉందో ముందే వైద్యుణ్ణి అడగాలి. సందేహముంటే ఆలిమ్‌లను సంప్రదించాలి. అల్లాహ్ ఇచ్చిన దేహం, దాతలిచ్చిన ధనం రెండూ అమానతే.