ముందు కూర్చున్న పసిబిడ్డ

ఉదయం ఎనిమిదిన్నర వేళ కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర ఐదు నిమిషాలు నిలబడితే చాలు, ఈ వ్యాసానికి కావలసిన విషయమంతా కళ్ళ ముందే సాగిపోతుంది. పెట్రోలు ట్యాంకు మీద ఒక బిడ్డ, వెనుక ఇద్దరు, హ్యాండిలుకు వ్రేలాడే పుస్తకాల సంచులు. నడిపేవాడు తండ్రి కావచ్చు, కిరాయికి కుదుర్చుకొన్న యువకుడు కావచ్చు, మన కళాశాల విద్యార్థియే కావచ్చు. తమ్ముణ్ణో చెల్లెలినో బడిలో దింపి నా మొదటి గంటకు ఆలస్యంగా వచ్చేవారు కొందరున్నారు. ఈ నాలుగు మాటలు ముఖ్యంగా వారి కోసమే.

పసిబిడ్డను ముందు కూర్చోబెట్టుకోవడంలో ప్రేమ ఉన్నది. కళ్ళ ఎదుట ఉంటుంది, రెండు చేతుల నడుమ ఉంటుంది, కునికితే తెలుస్తుంది, జారితే పట్టుకోవచ్చునని మన తర్కం. ఈ తర్కంతోనే నేను మూడేళ్ళ నా కుమార్తెను ట్యాంకు మీద కూర్చోబెట్టుకొని తిరిగాను. ఒకనాడు సందు మలుపులో మేక అడ్డు వచ్చింది. వేగం ఎక్కువేమీ లేదు. బ్రేకు వేశాను, ముందుకు ఒరిగాను, నా ఛాతీ ఆమె వీపును నెట్టింది. ఆమె గడ్డం మీటరు అంచుకు తగిలి మూడు కుట్లు పడ్డవి. "అబ్బా, నువ్వే నన్ను తోశావు" అన్నది. అది నింద కాదు, జరిగినది జరిగినట్లు చెప్పడమే.

కదిలే వస్తువు ఆగడానికి ఇష్టపడదని బడిలో చదువుకొన్నాము. బండి ఆగినా దాని మీది మనుషులు ముందుకే పోతారు. ముందు ఇనుప హ్యాండిలు, వెనుక అరవై డెబ్బయి కిలోల మనిషి, ఆ రెంటి నడుమ పదిహేను కిలోల బిడ్డ. మనం కాపాడుతున్నామనుకొన్న చోటే ఆ బిడ్డ మనకు దిండు అవుతున్నది. పైగా పసివారి తల బరువు. పుట్టిన శిశువు పొడవులో తల నాలుగవ వంతు ఉంటుంది, పెద్దవారిలో ఎనిమిదవ వంతు మాత్రమే. కావున చిన్నపిల్లలు పడితే చాలా వరకు తల ముందుగానే నేలను తాకుతుంది.

చట్టం ఈ సంగతిని ఎప్పుడో గుర్తించింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 128వ సెక్షను ప్రకారం నడిపేవాడు కాక మరొక్కరే బండి ఎక్కాలి, ఆ ఒక్కరు వెనుక సీటు మీదనే కూర్చోవాలి. ట్యాంకు సీటు కాదు. అతిక్రమిస్తే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలల పాటు లైసెన్సు రద్దు. నాలుగేళ్ళు దాటిన వారందరికీ 129వ సెక్షను హెల్మెట్ విధించింది. అంతకు చిన్నవారి కోసం 2022 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం నిబంధన చేసింది, ఏడాది గడువు తరువాత అది అమలులోకి వచ్చింది. తొమ్మిది నెలల నుండి నాలుగేళ్ళ వరకు బిడ్డకు తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి, బిడ్డను నడిపేవానితో బంధించే హార్నెస్ ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. హార్నెస్ అంటే ఏమీ లేదు, బిడ్డకు తొడిగే పట్టీల చొక్కా. దాని పట్టీలు నడిపేవాని భుజాలకు తగులుకొంటాయి. ముప్ఫై కిలోల బరువు మోయగలిగి ఉండాలని నిబంధన. 40 వేగంలోనైనా సెకనుకు పదకొండు మీటర్లు పోతామన్నది మరువరాదు.

హెల్మెట్ విషయంలో మనకు ఒక దురలవాటు ఉన్నది. తండ్రి హెల్మెట్‌నే బిడ్డ నెత్తిన బోర్లించి ఫోటో తీస్తాము. వదులుగా ఊగే హెల్మెట్ పడినప్పుడు ఊడిపోతుంది. తొడిగి గడ్డం కింది పట్టీ బిగించిన తరువాత తల అటూ ఇటూ ఊపితే అది తలతోనే కదలాలి. అనేక అధ్యయనాలను కలిపి చూసిన 2008 నాటి ఒక సమీక్షలో హెల్మెట్ వలన మరణాపాయం సుమారు 42 శాతం, తల గాయాల అపాయం 69 శాతం తగ్గుతాయని తేలింది.

వెనుక కూర్చోబెట్టడంలోనూ మెలకువ కావాలి. ఫుట్‌రెస్ట్‌కు పాదం అందని బిడ్డ కాలు చక్రపు ఊచల వైపే వ్రేలాడుతుంది. బురఖా అంచు, దుపట్టా కొస చక్రంలో చిక్కకుండా వెనుక చక్రానికి సగమైనా కప్పు ఉండాలని నియమమున్నది. అందం చెడుతుందని ఆ కప్పును విప్పించే కుర్రవాళ్ళు మన కళాశాలలోనే ఉన్నారు.

కిరాయి బండి సంగతి వేరు. ఉగాండా, కెన్యాలలో మోటారు సైకిల్ టాక్సీని బోడా బోడా అంటారు. సరిహద్దు దాటించే సైకిళ్ళతో మొదలైన పేరది. అక్కడా పసివారు వాటి మీదనే బడికి పోతున్నారు. పద్ధతి తెలిసిన ఒక్క మనిషినే నియమించుకోవడం, బిడ్డ హెల్మెట్‌ను మన ఇంటి నుండే పంపడం, రెండవ బిడ్డను ఎక్కించకూడదని ముందే చెప్పడం ఏ ఊరిలోనైనా తల్లిదండ్రుల పని.

ఇద్దరు పిల్లలుంటే రెండు మార్లు తిరగక తప్పదు. దానికి మరొక పదిహేను నిమిషాలు పడుతుంది. ఇంటి చిన్నవారిని బడిలో దింపి వచ్చే విద్యార్థుల విషయంలో ఆ పదిహేను నిమిషాలను హాజరు పట్టీలో లెక్కించవద్దని కళాశాల కమిటీ పెద్దలను కోరుతున్నాను. నా గంట వరకు నేను ఇప్పటికే లెక్కించడం మానివేశాను.