సంచి మోసినోనికీ పదేండ్లే

మన సోలాపూర్ మీదుగ పోయే పెద్ద రోడ్డు పుణెలో మొదలై హైదరాబాద్, విజయవాడ దాటి మచిలీపట్నం దాకా పోతది. మన చద్దర్లు పోయే ఈ దారినే అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల నుంచి, ఒడిశాలోని మల్కన్‌గిరి, కోరాపుట్ దిక్కు నుంచి గంజాయి కూడ వస్తున్నది. మోసుడికి పేదోళ్ల పిల్లలను పట్టుకుంటున్నరు. "ఒక్క సంచి దింపి రా, పైసలిస్త" అంటరు.

పిల్లగాడు దొరికినంక తల్లులు అడిగే మాట ఒక్కటే: "మాల్ వానిది కాదు గద, మోసినందుకే ఇంత శిక్షనా?"

అవునమ్మా, ఇంతే. 1985లో వచ్చిన మత్తుమందుల చట్టం సంచి ఎవరిదని చూడదు, ఎంత బరువని చూస్తది. గంజాయి కిలో లోపల ఉంటే ఏడాది దాకా జైలు. కిలో నుంచి 20 కిలోల దాకా అయితే పదేండ్ల వరకు పడొచ్చు. 20 కిలోలు దాటితే పదేండ్లకు తక్కువ లేదు, ఇరవై ఏండ్ల దాకా పోవచ్చు. పైన లక్ష నుంచి రెండు లక్షల జుర్మానా. అది కట్టకపోతే ఇంకొన్ని నెలలు లోపలనే.

ఇగ కుట్ర సంగతి. అదే చట్టంల 29వ సెక్షన్ ఉన్నది. కొన్నోడు, బండి మాట్లాడినోడు, ఫోన్ల దారి చెప్పినోడు, మోసినోడు, అందరూ తెలిసి కలిసి చేసిన్రని రుజువైతే అందరికీ అదే శిక్ష. మాల్ చేతిల లేకున్నా తప్పదు.

దోషి అని తేలినంక శిక్ష మీద జడ్జి మళ్ల అడుగుతడు. వకీలు చెప్తడు: బీదోడు, మొదటి తప్పు, ముసలి తల్లిదండ్రులున్నరు అని. జడ్జి వింటడు. కాని 20 కిలోలు దాటిన కేసుల పదేండ్ల కంటే తగ్గించే అధికారం ఆయనకు లేదు. "సంచిల ఏమున్నదో నాకు తెల్వదు" అంటే, తెల్వదని రుజువు చేసే భారం కూడ పిల్లగాని మీదనే పడుతది. జమానతు సుత తొందరగ దొరకదు.

ఎవరి పిల్లగాడన్న దొరికితే దళారీల చేతిల పైసలు పెట్టకుండ్రి. జైల్ల ఉన్నోనికి సర్కారే ఉచితంగ వకీలునిస్తది, 15100కు ఫోన్ చేయండ్రి. గంజాయి సంగతి తెలిస్తే 1933కు చెప్పండ్రి.

సాంచా మీద నెలంత నిలబడితే వచ్చే కూలి ఒక్క రాత్రికే ఇస్తనంటే, అంత ఎందుకిస్తున్నడో ఇంట్ల పిల్లలతోని కూసోని మాట్లాడండ్రి.