ఈసీఈనా, సీఎస్‌ఈనా? అల్మాస్‌గూడ నుంచి ఒక సమాధానం

కౌన్సెలింగ్ టైమ్‌లో మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. ‘అన్నా, మంచి కాలేజీలో ఈసీఈ వస్తది, మామూలు కాలేజీలో సీఎస్‌ఈ వస్తది. ఏది పెట్టమంటవ్?’ అని. వెంటనే చెప్పలేకపోయా. ‘ఆదివారం అల్మాస్‌గూడ రా, కూర్చుని మాట్లాడుకుందాం’ అన్నా.

చుట్టాలందరికీ నేను ‘సాఫ్ట్‌వేర్’. నిజమే, రోజంతా కోడే రాస్తా. కాకపోతే అది నడిచేది సర్వర్‌లో కాదు, అగ్గిపెట్టెంత బోర్డు మీద. వాషింగ్ మెషీన్, కరెంటు మీటర్, ఎలక్ట్రిక్ స్కూటర్... ప్రతిదాని లోపలా ఓ బుల్లి కంప్యూటర్ ఉంటుంది. దానికి పని నేర్పడమే ఎంబెడెడ్ సిస్టమ్స్.

బైక్ మీద అరగంట

మా ఏరియాకు ఈ రంగం కొత్తేం కాదు. బాలాపూర్ దాటితే క్షిపణుల ఎలక్ట్రానిక్స్ మీద పనిచేసే ఆర్‌సీఐ. 1988లో అబ్దుల్ కలాం ఆధ్వర్యంలో మొదలైంది. సిటీకి ఇంకో పక్క కుషాయిగూడలో 1967 నాటి ఈసీఐఎల్. మన తాతల ఇళ్లలో ‘ఈసీ టీవీ’ వాళ్లదే.

ఇటు రావిర్యాలలో 2006 ప్రాంతంలో ‘ఫ్యాబ్ సిటీ’ అన్నారు. చిప్‌లు ఇక్కడే తయారవుతాయన్నారు. ఆ చిప్ ఫ్యాక్టరీ రాలేదు. సోలార్ కంపెనీలు, తర్వాత టీవీలు బిగించే ఫ్యాక్టరీలు వచ్చాయి. దగ్గర్లోని కొంగర కలాన్‌లో 2023 మేలో ఫాక్స్‌కాన్‌కు శంకుస్థాపన జరిగింది. ఇప్పుడు అక్కడ ఎయిర్‌పాడ్స్ తయారవుతున్నాయి. సంతోషమే. కానీ వాటి డిజైన్ ఇక్కడిది కాదు, లోపలి చిప్‌లూ ఇక్కడివి కావు. మనం బిగిస్తున్నాం. ఆలోచించే పని ఇంకా చాలావరకు బయటే జరుగుతోంది.

బస్సు స్టార్ట్ చేస్తే బోర్డు ఆగింది

నా మొదటి ఉద్యోగం ఓ చిన్న కంపెనీలో. స్కూల్ బస్సులకు జీపీఎస్ ట్రాకర్లు చేసేవాళ్లం. ల్యాబ్‌లో అంతా పర్ఫెక్ట్. బస్సులో పెడితే కొన్ని పొద్దున్నే చచ్చిపోయేవి. పిల్లల తల్లిదండ్రుల నుంచి ఒకటే ఫోన్లు. వారం రోజులు కోడ్‌లో తప్పు వెతికా, దొరకలేదు.

చివరికి తెల్లవారుజామున బస్సులు పెట్టే చోటికే వెళ్లి, మీటర్ పట్టుకుని కూర్చున్నా. డ్రైవరన్న తాళం తిప్పాడు. స్టార్టర్ తిరిగే ఆ క్షణం బ్యాటరీ వోల్టేజీ ధభేల్‌మని పడిపోయింది. బోర్డు రీసెట్! సరిగ్గా అప్పుడే మెమరీలో ఏదైనా రాస్తుంటే ఆ డేటా పాడైపోతోంది. పరిష్కారం సగం కోడ్‌లో ఉంది, సగం ఓ పెద్ద కెపాసిటర్‌లో ఉంది.

వెబ్‌సైట్‌లో తప్పయితే గంటలో సరిచేయొచ్చు. మా బోర్డులకు దూరం నుంచి అప్‌డేట్ పంపే ఏర్పాటు లేదు. ఒక్కో బస్సు ఎక్కి, ఒక్కో బోర్డు విప్పి మార్చాం. ఆ తర్వాత 2021లో చిప్‌ల కొరత వచ్చింది. మేం వాడే చిప్‌కు ఏడాది ఆగమన్నారు. దొరికిన వేరే చిప్‌కు కోడ్ మొత్తం మళ్లీ రాయాల్సి వచ్చింది. చిప్ బయటి నుంచి రావడమంటే ఏంటో అప్పుడు అర్థమైంది.

8051 చదివాం... తర్వాత?

ఇక్కడ ఓ నిజం ఒప్పుకోవాలి. నా ఫైనలియర్ ప్రాజెక్టు నేను చేయలేదు. నలుగురం డబ్బులేసుకుని కొన్నాం. వైవాలో ‘ఈ రెసిస్టర్ ఎందుకు?’ అని అడిగితే నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

క్లాసులో చదివింది 1980లో వచ్చిన 8051. దాని లోపలి ర్యామ్ 128 బైట్లు, ఓ పెద్ద వాట్సాప్ మెసేజ్ కూడా పట్టదు. బేసిక్స్‌కి మంచిదే. కానీ అక్కడే ఆగిపోయాం. కంపెనీలు అడిగేది సీ భాష, ఆర్‌టీఓఎస్, లైనక్స్, బ్లూటూత్, సెక్యూరిటీ. ఈ మధ్య చిన్న చిప్ మీదే ఏఐ మోడల్ నడపాలంటున్నారు. ఆ తేడా అంతా నేను ఉద్యోగంలో చేరాక, తిట్లు తింటూ నేర్చుకున్నా.

తమ్ముడికి ఏం చెప్పానంటే

ఆదివారం వాడొచ్చాడు. ఉన్నదున్నట్టు చెప్పా. చిన్న కంపెనీల్లో మొదటి జీతం సాఫ్ట్‌వేర్ ఫ్రెండ్స్ కంటే తక్కువ ఉంటుంది. నాకూ మూడేళ్లు అలాగే గడిచింది. వాళ్లు కార్లు కొంటుంటే నేను సర్వీసింగ్‌కిచ్చిన పల్సర్ కోసం ఎదురుచూశా. కానీ రాసిన నాలుగు లైన్లకు ఓ మోటార్ తిరిగినప్పుడు వచ్చే కిక్కు వేరు.

‘సరే అన్నా, మరి నాకు నచ్చుతదో లేదో ఎట్ల తెలుస్తది?’ అన్నాడు.

ఇద్దరం కోఠి వెళ్లాం. గుజరాతీ గల్లీలో ఓ ఈఎస్‌పీ32 బోర్డు, బ్రెడ్‌బోర్డు, నాలుగు ఎల్‌ఈడీలు కొన్నాం. అంతా కలిపి వెయ్యి లోపే. ‘కౌన్సెలింగ్‌కి ఇంకా పది రోజులుంది. ఎల్‌ఈడీ వెలిగించుడు యూట్యూబ్ చూసి అందరూ చేస్తరు. వెలగనప్పుడు ఎందుకు వెలగలేదో వెతుకు. ఆ వెతకడం విసుగనిపిస్తే సీఎస్‌ఈ పెట్టుకో. టైమ్ తెలియకుండా పోతే ఈసీఈ తీసుకో’ అన్నా.

నాలుగో రోజు రాత్రి ఒంటిగంటకు మెసేజ్: ‘అన్నా, లూజ్ వైరు. మూడు గంటలు పట్టింది.’

పక్కనే ఓ నవ్వే ఎమోజీ. ఆప్షన్ ఏది పెట్టావని నేనింకా అడగలేదు.