ఇరవై ఏళ్ళ తర్వాత కత్తి ఎవరి పక్షం?

సాహసగాథల పేరెత్తగానే మన విమర్శకుల్లో చాలామంది వాటిని కాలక్షేపం సరుకుగా తీసి పక్కన పెడతారు. అంతమంది జనం వాటిని ఎందుకు చదివారన్న ప్రశ్నను కూడా దాంతోపాటే పక్కన పెడతారు. ఫాసిస్టు జైలులో కూర్చుని నోటు పుస్తకాలు నింపిన గ్రాంసీ అలా చెయ్యలేదు. జనం చదివే ధారావాహిక నవలల గురించి, వాటిలో డ్యూమా రచనల గురించి ఆయన శ్రద్ధగా రాసుకున్నాడు. అటువంటి శ్రద్ధతోనే అలెగ్జాండర్ డ్యూమా నవల ‘ఇరవై ఏళ్ళ తర్వాత’ను నేనిక్కడ పరిశీలించదలిచాను. ‘ముగ్గురు మస్కటీర్లు’తో ఆగిపోయిన విద్యార్థులకు దాని కొనసాగింపైన ఈ నవలే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. యౌవనంలో చేసుకున్న ప్రమాణం నడివయసులో ఏమవుతుందన్నదే ఇందులోని వస్తువు.

ముందు దీని పుట్టుక చూద్దాం. మొదటి నవల 1844 మార్చి నుంచి జూలై దాకా, ఈ నవల 1845 జనవరి నుంచి ఆగస్టు దాకా ‘లె సియెక్ల్’ అనే పారిస్ దినపత్రికలో ధారావాహికలుగా వచ్చాయి. 1836లో మొదలైన ఆ పత్రిక ఏడాది చందా 40 ఫ్రాంకులు మాత్రమే. అప్పటి పెద్ద పత్రికల చందాలో అది సగం. ఆ లోటును ప్రకటనలు పూడ్చాలి. ప్రకటనలు రావాలంటే పాఠకులు పెరగాలి. పాఠకులు నిలవాలంటే రేపటి సంచిక కోసం ఎదురుచూపించే కథ కావాలి. ఈ నవలల్లో సంభాషణలు అంత చురుగ్గా సాగడానికీ, అధ్యాయాలు సరిగ్గా ఉత్కంఠ దగ్గర తెగడానికీ ఇదొక కారణం. చరిత్ర గ్రంథాలు తిరగేసి కథకు ముసాయిదాలు రాసిన ఒగుస్త్ మాకే పేరు మాత్రం అట్టమీదికి ఎక్కలేదు. తర్వాత ఆయన కోర్టుకెక్కినప్పుడు న్యాయమూర్తులు ఆయన సహకారాన్ని ఒప్పుకున్నారు గాని, గ్రంథకర్తృత్వంలో భాగం ఇవ్వలేదు. సాహిత్యంలో శ్రమ గురించి మాట్లాడే మనం ఈ సంగతి మరవకూడదు.

కథాకాలం 1648-49. రిషెల్యూ చనిపోయాడు. పద్నాలుగో లూయీ ఇంకా పసివాడు. తల్లి ఆన్ రాజప్రతినిధిగా ఉన్నా అధికారం కార్డినల్ మజారిన్ చేతిలో ఉంది. ముప్పై ఏళ్ళ యుద్ధం ఖర్చు పన్నుల రూపంలో జనం మీద పడింది. పారిస్‌లోని ఉన్నత న్యాయస్థానం ఆ పన్నులకు అడ్డం తిరిగింది. 1648 ఆగస్టులో ఆ న్యాయస్థానపు సభ్యుడు బ్రూసెల్‌ను అరెస్టు చెయ్యగానే పారిస్ వీధుల్లో బారికేడ్లు లేచాయి. ఫ్రోండ్ అనే పేరుతో ఈ తిరుగుబాట్లు 1653 దాకా సాగాయి.

ఈ నేపథ్యంలో నలుగురు మిత్రులూ మళ్ళీ కలుస్తారు. దార్తాన్యాకు నలభై దాటాయి. ఇరవై ఏళ్ళ సేవ తర్వాత కూడా లెఫ్టినెంటుగానే ఉన్నాడు. పోర్తోస్‌కు మూడు జమీందారీలున్నాయి గాని, బారన్ బిరుదు లేనందువల్ల ఇరుగుపొరుగు ప్రభువుల ముందు చిన్నతనంగా ఉంది. అరామిస్ మతాధికారి దుస్తుల్లో రాజకీయ కుట్రలు నడుపుతున్నాడు. తాగుడుతో పాడైపోయి ఉంటాడనుకున్న అథోస్, పదిహేనేళ్ళ కొడుకును పెంచుకుంటూ నిబ్బరంగా ఉన్నాడు. వయసును ముడతలతో, నెరిసిన జుట్టుతో చూపించి ఊరుకోకపోవడంలో డ్యూమా పనితనం ఉంది. ఇరవై ఏళ్ళలో ఎవరికి ఏం దక్కింది, ఏం దక్కలేదు అన్న లెక్కతో చూపించాడు. ఆ లెక్కే వాళ్ళ పక్షాలను నిర్ణయించింది. పదోన్నతి కోసం దార్తాన్యా, బిరుదు కోసం పోర్తోస్ మజారిన్ కొలువులో చేరారు. అథోస్, అరామిస్ ఫ్రోండ్ వైపున్న ప్రభువులతో కలిశారు.

మజారిన్ ఖైదు నుంచి తప్పించుకున్న బోఫోర్ ప్రభువును వెంటాడుతూ చీకట్లో కత్తులు కలిపాక, ఎదుటివాళ్ళు పాత స్నేహితులేనని తెలుస్తుంది. తర్వాత ఒక రాత్రి పారిస్‌లోని ప్లాస్ రాయాల్‌లో నలుగురూ ఆయుధాలతోనే సమావేశమవుతారు. మాటామాటా పెరిగి మళ్ళీ కత్తులు లేచే సమయానికి అథోస్ తన కత్తిని విరిచి పారేస్తాడు. పక్షాలు మారవు గాని, ఏం జరిగినా ఒకరికొకరు శత్రువులం కాబోమని ప్రమాణం చేసుకుంటారు. నవలకు గుండెకాయ ఈ ఘట్టమే. డ్యూమా స్వయంగా 1830 జూలై విప్లవంలో పాల్గొన్నవాడు. ఆ విప్లవ ఫలితం బ్యాంకర్ల పాలనగా మారడం, ఒకనాటి సహచరుల్లో కొందరు పదవుల్లోనూ కొందరు ప్రతిపక్షంలోనూ తేలడం 1845 నాటి పాఠకులు కళ్ళారా చూశారు. పదిహేడో శతాబ్దపు దుస్తుల్లో వాళ్ళు తమ తరాన్ని గుర్తుపట్టి ఉంటారని నేననుకుంటున్నాను.

అయితే ఈ బలంలోనే నవల పరిమితి కూడా ఉంది. స్నేహాన్ని రాజకీయాలకు అతీతంగా నిలబెట్టడం కోసం డ్యూమా రాజకీయాలను వ్యక్తిగత వైరానికి కుదించాడు. ఇంగ్లండు ఘట్టాలు దీనికి సాక్ష్యం. 1649 జనవరి 30న మొదటి చార్లెస్ తల నరికినవాడు ముసుగు వేసుకున్నాడు. అతనెవరో చరిత్రలో తేలలేదు. డ్యూమా ఆ ముసుగు వెనక మోర్డాంట్‌ను నిలబెట్టాడు. ఇతడు మొదటి నవలలో ఈ నలుగురూ మరణశిక్ష వేసిన మిలేడీ కొడుకు. కథాశిల్పంగా ఇది అద్భుతమైన ఎత్తు. కాని ఒక రాజును విచారించి శిక్షించేదాకా పోయిన విప్లవం ఇక్కడ తల్లి చావుకు కొడుకు తీర్చుకునే పగలో కలిసిపోయింది. పార్లమెంటు, సైన్యం, పన్నుల తగాదా తెర వెనక్కి పోయాయి.

జనసమూహాన్ని చిత్రించడంలోనూ ఇదే ధోరణి. రాజు పారిపోయాడన్న అనుమానంతో జనం అంతఃపురంలోకి వచ్చి, నిద్ర నటిస్తున్న బాలరాజును చూసి శాంతించి వెళ్ళిపోతారు. చరిత్రలో ఇది 1651 ఫిబ్రవరిలో జరిగింది. డ్యూమా రెండేళ్ళు ముందుకు జరిపాడు. ఒకప్పుడు దార్తాన్యా సేవకుడైన ప్లాంషే ఇప్పుడు మిఠాయి వ్యాపారి, తిరుగుబాటుదారు. ఆ గదిలో అతనూ ఉన్నాడు. కొత్త వర్గం సింహాసనాన్ని అంత దగ్గరగా చూసిన ఆ క్షణాన అతని మనసులో ఏముందో రచయిత లోతుగా తడిమి చూడలేదు. ఆ రాత్రే దార్తాన్యా రాజకుటుంబాన్ని నగరం దాటిస్తాడు.

చివరికి మిత్రులు మజారిన్‌ను బంధించి షరతులు పెడతారు. దార్తాన్యా కెప్టెన్ అవుతాడు, పోర్తోస్ బారన్ అవుతాడు. అథోస్ తనకేమీ కోరడు. బారికేడ్లు కట్టినవాళ్ళు ఎందుకోసం కట్టారన్న ప్రశ్న ఆ బేరంలో వెనకబడిపోతుంది. కెప్టెనైన దార్తాన్యా తన బసకు వచ్చి హోదాకు తగినట్టు మొదటి అంతస్తు గది అడుగుతాడు. అయితే అయిదో అంతస్తులోని పాత గదిని కూడా తనకోసం అట్టే ఉంచమంటాడు. ఏలినవారి దయ ఎన్నాళ్ళుంటుందో అతనికి తెలుసు. ఒక సేవకుడి జీవితాన్ని రెండు గదులతో చెప్పగలిగిన ఈ నేర్పును మన యువ రచయితలు నేర్చుకోవాలి. డ్యూమా గుమ్మం దాకా తెచ్చి వదిలేసిన ప్లాంషే కథను రాయడం కూడా వాళ్ళ పనే.