పెద్దల చదువు

ఖమ్మము వైపు పొలములకును భద్రాచలము వైపు అడవులకును నడుమ చండ్రుగొండ యున్నది. 2016 నుండి ఇది భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనిది. ఈ అడవి అంచు పల్లెలలో వేసవి వచ్చినదనగా తునికాకు కోత మొదలగును. తెల్లవారకముందే స్త్రీలు అడవికేగి ఆకు కోసి, 50 ఆకులకొక కట్ట చొప్పున కట్టి, కల్లమునకు చేర్తురు. అచట కల్లేదారు కట్టలు లెక్కించి వ్రాసికొనును. వ్రాసినది ఎంతయో చదువలేనివారు మాటను నమ్మి ఇల్లు చేరవలసినదే. నలువదేండ్ల వయస్సున పలక పట్టవలెనను కోరిక ఇట్టి చోటనే పుట్టును. 2006 నాటి అటవీ హక్కుల చట్టము ననుసరించి పోడు భూమికి పట్టా వచ్చినప్పుడు, అందు తన పేరును హద్దులును సరిగా నున్నవో లేవో చూచుకొనుటకును అక్షరమే కావలెను.

కోరిక యున్నను అడ్డులు పెక్కు. పెద్దల బుద్ధి మందమని కొందరందురు. ఇది సరికాదు. వందల కట్టలకు కూలి నోటిలెక్కతో తేల్చువారు మందమతులగుదురా? అసలు అడ్డు సిగ్గు. మనుమని ఈడు పిల్లలు చూచుచుండగా అక్షరము తప్పు దిద్దుట వారికి మిక్కిలి కష్టముగా తోచును. రెండవది అలసట. పత్తి తీతకో, మిరప కోతకో పోయి వచ్చి, వంట ముగించిన పిదపగాని స్త్రీకి తీరిక లేదు. కొన్ని గూడెములలో ఇంటి మాట కోయ, తండాలలో లంబాడీ. వాచకములోని తెలుగు వారికి సగము పరాయిది. 1978 అక్టోబరు 2న ఆరంభమైన జాతీయ వయోజన విద్యా కార్యక్రమము 15 మొదలు 35 ఏండ్లవారినే లక్ష్యముగా గైకొన్నది. అది దాటినవారికి చదువేల యని కాబోలు!

పాఠము బ్రతుకును తాకినప్పుడు మాత్రము ఈ అడ్డులు నిలువవు. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతోద్యమము సాగినది. అందలి వాచకములో సీతమ్మ కథ యను పాఠముండెను. సారా వలన చెడిన సంసారము దాని విషయము. దూబగుంట స్త్రీలకు అందు తమ ఇండ్లే కనబడినవి. వారందరు ఏకమై ఊరి సారా దుకాణమును మూయించిరి. 1992లో ఆ కదలిక జిల్లా యంతటను, పిదప రాష్ట్రమంతటను వ్యాపించెను. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశమున సారా నిషేధింపబడెను. అక్షరములు దిద్దుటకు కూర్చున్నవారు ప్రభుత్వముచే చట్టము చేయించిరి!

అక్షరములు నేర్చి మరి కొంత చదువగోరువారికి సార్వత్రిక పాఠశాల కలదు. 1991లో ఉమ్మడి రాష్ట్రమున వెలసిన ఈ పద్ధతి నేడు తెలంగాణమునను నడచుచున్నది. పదవ తరగతికి 14 ఏండ్లు నిండియుండిన చాలును. పై వయస్సునకు హద్దు లేదు. అన్ని విషయములును ఒక్కమారే ఉత్తీర్ణులు కానక్కరలేదు, విడతలుగా వ్రాయవచ్చును. కూలి పనుల నడుమ చదువువారికి ఈ వెసులుబాటు ఎంత గొప్పదో నిత్యము బడికి వచ్చు మనకు వెంటనే తోచదు. చండ్రుగొండ వంటి చోట రాత్రిబడి నడపగోరువారు పుస్తకములకంటె ముందు కోతల కాలము విచారింపవలెను. తునికాకు దినములలో బడి తెరచిన దీపమొక్కటే మిగులును.